లైసెన్సులోంచి బండి పోతే తిరిగి రాయించుకోవడం ఎలా

"డాక్టర్ గారూ, మీ లైసెన్సులో బండి లేదండీ. కారుకే ఉంది."

2024 అక్టోబరులో ఒక సాయంత్రం, కాలవ కట్ట మీద చెకింగ్ దగ్గర కానిస్టేబుల్ నాతో అన్న మాట ఇది. వెనక సీటుకి వీర్యం నిలవుంచే ద్రవ నత్రజని క్యాన్ కట్టుకుని, ఎదకొచ్చిన గేదెకు కృత్రిమ గర్భధారణ సూది వేయడానికి పోతున్నాను. నేను డాక్టర్ని కాదు, పశుసంవర్ధక శాఖలో అసిస్టెంటుని. మా ఊళ్లలో అందరూ అలాగే పిలుస్తారు. పొద్దున ఎద కనబడితే సాయంత్రానికి సూది పడాలి, లేకపోతే ఆ రైతుకి మళ్లీ మూడు వారాలు ఆగాల్సిందే. అందుకే 1995లో ఉద్యోగంలో చేరిన ఏడాదే బండి లైసెన్సు తీసుకున్నాను. ఇరవై తొమ్మిదేళ్లుగా బండి మీదే తిరుగుతున్నాను.

కార్డు వెనక్కి తిప్పి చూశాను. నిజమే. ఎల్‌ఎంవీ, అంటే కారు తరగతి, అని ఒకే వరుస ఉంది. బండి వరుస లేదు. ఆ కార్డు 2021 నుంచి నా జేబులో ఉంది. దానికి ముందు కార్డు 2015 నుంచి ఉంది. ఇంటికెళ్లి దాన్ని కూడా తీసి చూస్తే దాంట్లోనూ లేదు. అంటే తొమ్మిదేళ్లు.

ఆ పోలీసాయన చలానా రాయలేదు. "సరిచేయించుకోండి, అందాకా నడపొద్దు" అని పంపించాడు. నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో నేర్చుకున్నది ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇలాంటి పొరపాటు నా ఒక్కడికే జరగలేదని తర్వాత తెలిసింది, ఆ సంగతి చివర్లో చెప్తాను.

ముందు మీ కార్డు చూసుకోండి

మనం లైసెన్సు మీద ఫొటో, పేరు, గడువు తేదీ చూస్తాం. వాహనాల వరుసలు చూడం. ఇప్పుడే తీసి చూడండి. ఎంసీడబ్ల్యూజీ అంటే గేరున్న మోటారు సైకిలు. ఎంసీడబ్ల్యూఓజీ అంటే గేరు లేనిది, స్కూటీల్లాంటివి. ఎల్‌ఎంవీ అంటే కారు, జీపు. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 10 వీటిని వేరువేరు తరగతులుగా చెప్పింది. కారు లైసెన్సుంటే బండి కూడా నడపొచ్చని మన దగ్గర చాలామంది అనుకుంటారు. కాదు. పెద్దది నడిపేవాడు చిన్నది నడపడా అన్న లెక్క చట్టంలో లేదు.

కార్డు ఒక్కటి చూస్తే సరిపోదు. కేంద్ర రవాణా శాఖ వారి సారథి వెబ్‌సైట్లో లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ కొడితే మీ రికార్డు కనబడుతుంది. ఒక్కో తరగతికి ఎదురుగా అది ఇచ్చిన తేదీ కూడా ఉంటుంది. డిజీలాకర్లో కనబడేది కూడా ఆ రికార్డు నుంచి వచ్చేదే. కార్డులో రెండు వరుసలుండి కంప్యూటర్లో ఒకటే ఉండొచ్చు. రోడ్డు మీద పోలీసు కంప్యూటర్లోనూ చూడొచ్చు. మన తెలుగు రాష్ట్రాలు రెండూ చాలాకాలం సొంత సాఫ్ట్‌వేర్లు వాడాయి. ఆంధ్రప్రదేశ్ తర్వాత సారథికి మారింది, తెలంగాణ ఇంకా ఆలస్యంగా ఆ మార్పు మొదలుపెట్టింది. చేతిరాత రిజిస్టరు నుంచి మొదటి కంప్యూటరుకి ఒకసారి, దాని నుంచి సారథికి ఇంకోసారి, ఇలా మీ రికార్డు రెండుసార్లు ఇల్లు మారింది. సామాను ఎక్కడ జారిపోయిందో చూసుకోవాల్సింది మనమే.

నాది ఎక్కడ జారిందో తర్వాత రవాణా శాఖ ఆఫీసులో ఒక పెద్దాయన వివరంగా చెప్పారు. 1995లో నా లైసెన్సు చేతిరాత పుస్తకం. 2004లో కారు నేర్చుకుని అదే పుస్తకంలో కారు ఎక్కించుకున్నాను. అప్పటికి ఆఫీసుకి కంప్యూటర్లు వచ్చాయి. ఆ రోజు ఆపరేటరు కంప్యూటర్లో నా పేరు కొత్తగా ఎక్కించి, నేను ఆ రోజు దేనికి దరఖాస్తు పెట్టానో ఆ తరగతి మాత్రమే కొట్టాడు. బండి పుస్తకంలో ఉంది కాబట్టి అక్కడే ఉండిపోయింది. 2015లో ఇరవై ఏళ్ల గడువు తీరబోతుంటే రెన్యువల్‌కి వెళ్తే, పుస్తకం తీసేసుకుని కంప్యూటర్లో ఉన్నది కార్డు మీద అచ్చు వేశారు. నా చేతిలో బండికి ఉన్న ఒకే ఒక సాక్ష్యం ఆ రోజు వాళ్ల దగ్గరికి పోయింది.

కాబట్టి 2005కి ముందు బండి లైసెన్సు తీసుకుని, కొన్నేళ్ల తర్వాత కారో ఆటోనో కలుపుకున్నవాళ్లు అందరికంటే ముందు చూసుకోవాలి.

తప్పు వాళ్లదైనా బండి ఆపండి

ఇది చెప్పడం నాకు కష్టంగానే ఉంది. తప్పు చేసింది ఆఫీసు, ఇబ్బంది మనకి. అయినా రికార్డు సరయ్యేదాకా బండి తీయకండి. 2019 సవరణ తర్వాత సరైన లైసెన్సు లేకుండా నడిపితే సెక్షన్ 181 కింద 5000 రూపాయలు. ఆ బండి మీరు ఇంకొకరిదగ్గర తీసుకుని నడిపితే, ఇచ్చినవాళ్లకి సెక్షన్ 180 కింద ఇంకో 5000.

డబ్బు పోతే పోయింది. అసలు భయం ప్రమాదం. 2008లో సుప్రీంకోర్టు ముందుకి ఒక కేసు వచ్చింది. హెవీ వాహనాలకు లైసెన్సున్న మనిషి స్కూటరు నడిపాడు, ప్రమాదంలో ఒక ప్రాణం పోయింది. స్కూటరు తరగతికి అతనికి లైసెన్సు లేదు కాబట్టి బీమా కంపెనీ బాధ్యత లేదని కోర్టు చెప్పింది. బాధితుల కుటుంబానికి ముందు కంపెనీని కట్టమని, ఆ మొత్తం బండి యజమాని నుంచి రాబట్టుకోమని ఆదేశించింది. ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తొమ్మిదేళ్లలో ఎన్నిసార్లు చీకట్లో, వానలో, దూడ అడ్డం తిరిగిందని ఫోనొస్తే పరుగెత్తానో లెక్కే లేదు. ఒక్క ప్రమాదం జరిగి ఉంటే ఇల్లు అమ్ముకోవాల్సి వచ్చేది.

2024 నవంబరులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఎల్‌ఎంవీ లైసెన్సు మీద ఇచ్చిన తీర్పు గురించి పేపర్లో చదివి, "ఇక అన్నీ నడపొచ్చంటగా" అని మా కాంపౌండరు అన్నాడు. ఆ తీర్పు 7500 కిలోలలోపు రవాణా వాహనాల సంగతి. బండికి దాంతో సంబంధం లేదు.

నాలుగు నెలలూ రైతులే వచ్చి నన్ను ఎక్కించుకుని తీసుకెళ్లారు. వెనక కూర్చుని ఒళ్లో క్యాన్ పెట్టుకుని వెళ్లేవాణ్ణి.

పాత కాగితం ఎక్కడ దొరుకుతుంది

ఈ పనంతా ఒక కాగితం మీద నడుస్తుంది. మీకు బండి లైసెన్సు ఇచ్చినట్టు చూపే పాత కాగితం, దాని మీద నంబరు, తేదీ. నంబరూ తేదీ లేకుండా "1995లో తీసుకున్నానండీ, రిజిస్టరు చూడండి" అంటే ఎవరూ వెతకలేరు. ఒక్కో ఏడాదికి అటకల నిండా రిజిస్టర్లు ఉంటాయి.

నేను ముందు ఇంట్లో వెతికాను. బీరువా, ట్రంకుపెట్టె, దేవుడి గూట్లో పెట్టిన కాగితాల సంచి, అన్నీ. దొరకలేదు. ఆ తర్వాత నా లైసెన్సు జిరాక్సు ఇంతకాలంలో ఎవరెవరికి ఇచ్చానని ఆలోచించాను. మీరు కూడా ఇదే ప్రశ్న వేసుకోండి. మన ఇంట్లో పోయిన కాగితం ఇంకొకరి ఫైల్లో భద్రంగా ఉంటుంది.

నాకు గుర్తొచ్చింది మోటారు సైకిల్ అడ్వాన్సు. 1996లో ప్రభుత్వం ఇచ్చే అడ్వాన్సుతో హీరో హోండా సీడీ 100 కొన్నాను. ఆ దరఖాస్తుకి లైసెన్సు జిరాక్సు జతచేయమన్నారు. అప్పటి మా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ గారు గెజిటెడ్ కాబట్టి ఆయన చేత అటెస్టు చేయించాను. మా శాఖ పాత డివిజన్ ఆఫీసుకి వెళ్లి అడిగితే, ఇంకో సంవత్సరంలో రిటైరయ్యే సీనియర్ అసిస్టెంట్ ఒకావిడ నాతోపాటు రికార్డు గదిలోకి వచ్చి, ఎర్రగుడ్డలో కట్టిన మూటలు మూడు విప్పింది. మూడో మూటలో దొరికింది. ఆకుపచ్చ సిరా సంతకం, కింద గుండ్రటి ముద్ర, మధ్యలో ఇరవై నాలుగేళ్ల నా ముఖం. లైసెన్సు నంబరు స్పష్టంగా ఉంది, తేదీ ఉంది, ఎదురుగా "మోటారు సైకిల్ విత్ గేర్" అని చేతిరాత. ఆవిడకి దండం పెట్టాను.

మీరు ప్రభుత్వ ఉద్యోగి కాకపోతే బండి లోను ఇచ్చిన బ్యాంకు, ఫైనాన్సు వాళ్లు, ఎప్పుడైనా క్లెయిము పెడితే బీమా ఫైలు, పాత కంపెనీలో చేరినప్పుడు ఇచ్చిన బయోడేటా, పాత చలానా రసీదు, నేర్పిన డ్రైవింగ్ స్కూలు రిజిస్టరు, ఇవన్నీ చూడండి. పాత ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేటప్పుడు ఇచ్చే లైసెన్సు) కాగితం, టెస్టుకి కట్టిన రసీదు ఉన్నా పనికొస్తాయి. గల్ఫుకో అమెరికాకో వెళ్లే ముందు ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకున్నవాళ్లయితే, ఆ పర్మిట్‌లో తరగతులు ముద్రవేసి ఉంటాయి. అది చాలా బలమైన సాక్ష్యం, పారేయకండి.

దొరికిన కాగితం అసలుది ఎవరి చేతికీ ఇవ్వద్దు. నేను డివిజన్ ఆఫీసు నుంచి "మా ఫైల్లో ఉన్న దానికి నిజమైన నకలు" అని రాయించి, ముద్ర వేయించి, తేదీ వేయించి తెచ్చుకున్నాను. తర్వాత ఎవరూ దాన్ని అనుమానించలేదు.

రిజిస్టరు ఏ ఆఫీసులో ఉంది

నాకు ఎక్కువ రోజులు పోయింది ఇక్కడే. 1995లో లైసెన్సు ఇచ్చిన ఆఫీసు, ఇప్పుడు నా చిరునామాకి వచ్చే ఆఫీసు ఒకటి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత ఇంకో రెండు కలిశాయి. జిల్లా మారినా పాత రిజిస్టర్లు చాలాచోట్ల పాత జిల్లా కేంద్రంలోనే ఉండిపోయాయి. కొత్త ఆఫీసులో "మా దగ్గర లేదు" అంటే అబద్ధం కాకపోవచ్చు. "ఎక్కడుంది?" అని అడిగి, ఆ మాట కాగితం మీద రాయించుకోవాలి.

దానికి సమాచార హక్కు చట్టం ఉంది. జిల్లా ఆఫీసుకైతే ఫీజు 10 రూపాయలు. నేను సెక్షన్ 6 కింద తెలుగులోనే రాశాను. అడిగినవి ఇవి: ఫలానా నంబరు, ఫలానా తేదీ గల నా లైసెన్సు నమోదైన రిజిస్టరు పేజీకి ధ్రువీకరించిన నకలు. 2004లో నా లైసెన్సుకి ఎల్‌ఎంవీ చేర్చిన దరఖాస్తు నకలు. 2015 రెన్యువల్ దరఖాస్తు నకలు. కంప్యూటర్లో నా పేరు మీద ఏ తరగతి ఏ తేదీన నమోదైందో ప్రింటు. పై రికార్డు ఏదైనా ఈ ఆఫీసులో లేకపోతే ఏ ఆఫీసులో ఉంది, నాశనం చేసి ఉంటే ఆ ఉత్తర్వు నకలు.

ఆ చివరి ప్రశ్న తప్పకుండా రాయండి. అది లేకపోతే "లభ్యం కాదు" అని రెండు ముక్కలతో జవాబు వస్తుంది. "ఎందుకు తప్పు చేశారు, ఎవరు బాధ్యులు" లాంటివి రాయకండి. వాళ్లు ఇవ్వాల్సింది రికార్డు, సంజాయిషీ కాదు. ఎంత కోపమున్నా ఆ కాగితంలో పెట్టొద్దు.

30 రోజుల్లో జవాబివ్వాలి. నాకు ఇరవై ఆరో రోజున వచ్చింది, రిజిస్టర్లు పాత జిల్లా కేంద్రంలో ఉన్నాయని. అక్కడికి మళ్లీ దరఖాస్తు పెట్టాను, ఈసారి "నేనే వచ్చి రిజిస్టరు చూస్తాను" అని రాశాను. రికార్డు తనిఖీ చేసుకునే హక్కు అదే చట్టంలో ఉంది, మొదటి గంటకి డబ్బు కట్టక్కర్లేదు. జవాబు రాకపోతే, వచ్చినా సరిగ్గా లేకపోతే 30 రోజుల్లోగా అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు పెట్టుకోవచ్చు.

పోయి చూశాను. దుమ్ము, చెదలు, అంచులు రాలిపోయిన పేజీలు. నంబరు చేతిలో ఉంది కాబట్టి ఇరవై నిమిషాల్లో దొరికింది. నా పేరు, మా నాన్న పేరు, ఊరు, ఎదురుగా తరగతి. పేజీకి 2 రూపాయలు కట్టి ధ్రువీకరించిన నకలు తీసుకున్నాను.

"చేర్చండి" అని రాయకండి, "సవరించండి" అని రాయండి

ఈ గైడులో ఒక్క మాటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి.

కౌంటరు దగ్గర మీకు మొదట చెప్పేది ఇదే: "బండి లేదు కదండీ, ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని టెస్టుకి రండి, నెల రోజుల్లో వస్తుంది." బయట ఏజెంటు కూడా అదే చెప్తాడు, ఇంకొంచెం డబ్బు తీసుకుని. వినడానికి తేలిగ్గా ఉంటుంది. నేనూ మొదటి రోజు అలాగే చేద్దామనుకున్నాను. కానీ సెక్షన్ 11 కింద కొత్త తరగతి చేర్చమని దరఖాస్తు పెడితే, ఇవాళ్టి దాకా నాకు ఆ తరగతి లేదని నేనే సంతకం పెట్టినట్టు. కొత్త కార్డు మీద బండికి ఎదురుగా 2025 తేదీ పడుతుంది. అంటే 1995 నుంచి అప్పటిదాకా నేను నడిపినదంతా లైసెన్సు లేకుండా నడిపినట్టు రికార్డు అవుతుంది. ఆ మధ్యలో మీకేదైనా ప్రమాదం కేసు కోర్టులో నడుస్తుంటే, డ్రైవరు ఉద్యోగానికి ఇన్నేళ్ల అనుభవం చూపాల్సి వస్తే, ఆ తేదీ మీ మెడకి చుట్టుకుంటుంది.

నా లైసెన్సు పోలేదు. అది రిజిస్టరులో ఉంది. కంప్యూటరులోకి రాలేదు, అంతే. కాబట్టి నేను అడగాల్సింది రికార్డు సవరణ.

నేను లైసెన్సింగ్ అధికారికి ఇచ్చిన అర్జీ ఇలా ఉంది, కావాలంటే మార్చుకుని వాడుకోండి:

"అయ్యా, నాకు 1995లో ఫలానా నంబరుతో గేరున్న మోటారు సైకిల్ తరగతికి డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చారు. 2004లో దానికే ఎల్‌ఎంవీ తరగతి చేర్చారు. 2015లోను, 2021లోను గడువులోపలే రెన్యువల్ చేయించుకున్నాను. ఏ తరగతినీ నేను వదులుకోలేదు, ఏ తరగతినీ ఏ అధికారీ రద్దు చేయలేదు. అయినా కంప్యూటర్ రికార్డులో మోటారు సైకిల్ తరగతి నమోదు కాలేదు. రిజిస్టరు పేజీ ధ్రువీకరించిన నకలు, 1996లో అటెస్టు చేసిన లైసెన్సు నకలు, రెన్యువల్ రసీదులు జతచేశాను. రిజిస్టరులో ఉన్న ప్రకారం, మొదట ఇచ్చిన తేదీతోనే, ఆ తరగతిని కంప్యూటర్ రికార్డులో నమోదు చేసి సవరించవలసిందిగా కోరుతున్నాను. ఇది కొత్త తరగతి చేర్చమని కోరే దరఖాస్తు కాదు."

చివరి వాక్యం కింద గీత గీశాను. రెండు కాపీలు తీసుకెళ్లి, తపాలు సెక్షనులో ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేయించుకున్నాను. ముద్ర లేని అర్జీ ఇచ్చినట్టు కాదు. "పెట్టేసి వెళ్లండి, చూస్తాం" అంటే కదలకండి.

వాళ్లు చెప్పే అభ్యంతరాలు

నాకు రెండు ఎదురయ్యాయి. ఒకటి, "సిస్టమ్‌లో ఆప్షన్ లేదు." కౌంటరు గుమస్తా లాగిన్‌లో లేకపోవచ్చు. పాత లైసెన్సులను కంప్యూటర్లోకి ఎక్కించే బ్యాక్‌లాగ్ నమోదు ఆఫీసు లోపల జరిగే పని. గుమస్తా ఎక్కిస్తే పైన అధికారి సరిచూసి ఆమోదించాలి. కాబట్టి కౌంటరు దగ్గర వాదించకుండా పరిపాలనాధికారి గదికి వెళ్లాలి. ఆ గదిలోనే నాకు పని జరిగింది.

రెండోది కొంచెం బరువైంది. "బండి తరగతి 2015లోనే గడువు తీరింది, మీరు రెన్యువల్ చేయించింది ఎల్‌ఎంవీ మాత్రమే. గడువు తీరి ఏడాది దాటితే మళ్లీ టెస్టు పాసవ్వాలి." ఏడాది నియమం నిజమే, 2019 సవరణలో వచ్చింది. కానీ నేను 2015లో రెన్యువల్‌కి ఇచ్చింది పుస్తకం మొత్తం. అందులో రెండు తరగతులూ ఉన్నాయి. ఒక తరగతి వద్దని నేను రాయలేదు. సమాచార హక్కు కింద తెచ్చుకున్న 2015 దరఖాస్తు నకలు అప్పుడు ఉపయోగపడింది. దాంట్లో నా చేతిరాతతో రెండు తరగతులూ రాసి ఉన్నాయి. ఆ కాగితం బల్ల మీద పెట్టాక ఆ మాట మళ్లీ రాలేదు.

ఇంకా ఒప్పుకోకపోతే, గొంతు పెంచకుండా ఒక్కటే అడగండి: "నిరాకరిస్తున్నట్టు కారణాలతో రాసివ్వండి." లైసెన్సు ఇవ్వడం, రెన్యువల్ చేయడం, తరగతి చేర్చడం నిరాకరిస్తే కారణాలతో రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలని సెక్షన్ 17 చెప్తోంది. ఆ ఉత్తర్వు అందిన 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. నాకు అంతదాకా రాలేదు. సోమవారాల్లో కలెక్టరేట్ గ్రీవెన్సులో కూడా అర్జీ పెట్టొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో పీజీఆర్‌ఎస్ అంటున్నారు, తెలంగాణలో ప్రజావాణి. అక్కడ ఇచ్చిన రసీదు నంబరుతో ఫైలు కదులుతుంది.

సరిచేశాక చూసుకోవాల్సినవి

2025 ఫిబ్రవరి రెండో వారంలో ఫోనుకి మెసేజీ వచ్చింది. నేను అప్పుడు ఒక పాకలో దూడకి కట్టు కడుతున్నాను. చేతులు కడుక్కుని సారథిలో చూశాను. రెండు వరుసలు. బండికి ఎదురుగా 1995 తేదీ. కాసేపు అలాగే నిలబడిపోయాను.

మీది వచ్చాక ఆ తేదీ చూడండి. ఇవాళ్టి తేదీ పడి ఉంటే సవరణ జరగలేదు, కొత్తగా చేర్చారు. వెంటనే మళ్లీ అర్జీ ఇవ్వండి. గడువు తేదీ కూడా పాతదే ఉండాలి. 2019 సవరణ ప్రకారం 50 నుంచి 55 ఏళ్ల మధ్య రెన్యువల్ చేయించుకుంటే 60 ఏళ్లు నిండేదాకా వస్తుంది. నాది 2031 దాకా, అది మారలేదు. పేరు, పుట్టిన తేదీ, రక్తం గ్రూపు కూడా ఒకసారి చూడండి, సవరణలో ఒకటి సరిచేస్తూ ఇంకోటి చెడగొట్టిన సందర్భాలు విన్నాను. డిజీలాకర్లో పాత కాపీ అలాగే ఉంటుంది, దాన్ని రిఫ్రెష్ చేయాలి. తర్వాత లైసెన్సు ఎక్స్‌ట్రాక్ట్ (రికార్డులో ఉన్న వివరాల నకలు) తీసుకుని, రిజిస్టరు నకలుతో కలిపి లామినేషన్ లేకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. లామినేషన్ చేస్తే పాత కాగితాల మీద ముద్రలు మసకబారొచ్చు.

ఎంత వెతికినా కాగితం దొరకలేదు, రిజిస్టరు కూడా చెదలు తినేసింది అంటే ఎల్‌ఎల్‌ఆర్ దారి ఒకటే మిగులుతుంది. రికార్డు నాశనమైందని రాతపూర్వకంగా తీసుకున్నాక ఆ దారి పట్టండి. కేంద్ర నిబంధనల ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్‌కి 150, టెస్టుకి 300, తరగతి చేర్చడానికి 500, వీటిమీద సర్వీసు ఛార్జీలు ఉంటాయి. 40 దాటినవాళ్లకి డాక్టరు సర్టిఫికెట్ ఫారం 1ఏ కావాలి. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాత, ఆరు నెలల్లోపు టెస్టుకి వెళ్లాలి. ముప్పై ఏళ్లు నడిపినవాళ్లు కూడా ఎనిమిది ఆకారం ట్రాక్ మీద రెండు రోజులు ప్రాక్టీసు చేసి వెళ్లండి. రోడ్డు మీద అలవాటు వేరు, ఆ ఇరుకు మలుపుల్లో కాలు కింద పెట్టకుండా తిప్పడం వేరు.

చివర్లో చెప్తానన్న సంగతి. రిజిస్టరు తనిఖీ చేసిన రోజు, నా వరుసకి పైనా కిందా ఉన్నవాళ్లు కూడా బండికే లైసెన్సు తీసుకున్నవాళ్లు. వాళ్లలో కొందరైనా నాలాగే తర్వాత కారు కలుపుకుని ఉంటారు కదా అని పరిపాలనాధికారిని అడిగాను. ఆయన ఆ పేజీలోని నంబర్లు కంప్యూటర్లో కొట్టి చూశారు. పేర్లు నాకు చూపించలేదు, అడగనూ లేదు. "ఇంకో ముగ్గురికి ఇలాగే ఉందండీ" అన్నారు. ఒక్క పేజీలో ముగ్గురు. ఆ రిజిస్టరులో వందల పేజీలున్నాయి. మొత్తం సరిచూడమని అక్కడే కూర్చుని ఇంకో అర్జీ రాసిచ్చాను, ఇన్‌వర్డ్ నంబరు కూడా వేయించుకున్నాను. దానికి జవాబు ఇంకా రాలేదు. ఆ ముగ్గురూ ఈ రోజు కూడా బండి మీదే ఎక్కడికో వెళ్తూ ఉంటారు.